నిజాం చావూ, జనం కన్నీళ్ళూ

రాజు చచ్చిపోతే జనం ఎందుకు ఏడుస్తారు? ఈ ప్రశ్నకు మన దగ్గర రెండు సిద్ధ సమాధానాలున్నాయి. ఒకటి ఆస్థాన సమాధానం: ఆయన ప్రజల్ని కన్నబిడ్డల్లా చూశాడు గనక. రెండోది మనది, అంటే అభ్యుదయ రచయితలది: జనానికి భూస్వామ్య భావజాలం ఇంకా వదల్లేదు గనక. మొదటిది అబద్ధమని చెప్పటానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. రెండోది అబద్ధం కాదుగాని, పని తప్పించుకునే సమాధానం. ఏడ్చిన మనిషిని ఎందుకు ఏడ్చావని అడక్కుండానే తీర్పు చెప్పేస్తుంది. కథ రాయబోయేవాడికి గాని, కథను విడదీసి చూపాల్సిన విద్యార్థికి గాని ఈ తీర్పు వల్ల ఒరిగేదేమీ లేదు.

తెలుగునేల మీద ఈ ప్రశ్నను పరీక్షించుకోవటానికి అన్నిటికన్నా అనువైన ఉదాహరణ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మరణం. 1911లో గద్దెనెక్కి 1948 సెప్టెంబరు దాకా ముప్ఫయ్యేడేళ్ళు ఏలాడు. 1950 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. 1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠీలో చనిపోయాడు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఖననం చేశారు. గద్దె పోయి పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషి కోసం హైదరాబాదు వీధులు పట్టనంత జనం కదిలారు. నాలుగో సాధారణ ఎన్నికల పోలింగు అప్పుడే ముగిసింది. ఓటు వేసి వచ్చిన జనమే జనాజా వెంట నడిచారన్నమాట. ఆ వైరుధ్యాన్ని దాటవెయ్యకుండా అక్కడే ఆగి చూడాలి.

ముందుగా ఒకటి విడదీసి పెట్టుకుందాం. సర్కారు సంతాపం వేరు, జనం దుఃఖం వేరు. నిజాం చనిపోగానే రాష్ట్ర ప్రభుత్వం అసాధారణ గెజెట్ వెలువరించింది. 25వ తేదీని సంతాప దినంగా ప్రకటించి ఆఫీసులు మూసింది. రాష్ట్రమంతటా ప్రభుత్వ భవనాల మీద జెండా అవనతం చెయ్యమంది. రాష్ట్రమంతటా అంటే మా బందరూ లెక్కలోదే. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ చేతుల్లోంచి బందరు కోట పట్టుకున్నాక సలాబత్ జంగ్ ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. అంటే బందరు ఆసఫ్‌జాహీల చేయి దాటిపోయి అప్పటికి రెండు వందల ఏళ్ళు పైమాటే. మా జిల్లావాళ్ళకు నిజాం ప్రభువుగా తెలియడు, నాటకం ద్వారా తెలుసు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి'ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. రంగస్థలం మీద కనిపించేవాడు దొర, ఆ దొర వెనక కనిపించకుండా నిలబడ్డవాడు నిజాం. ఆ నాటకం చూసి పళ్ళు కొరికిన ఊళ్ళల్లో కూడా 1967లో సర్కారు లెక్క ప్రకారం సంతాపమే.

సర్కారు సంతాపానికి ఏడ్చేవాడు అక్కర్లేదు, ఉత్తరువు చాలు. డెబ్భయ్యేళ్ళు ఏలిన ఎలిజబెత్ రాణి 2022 సెప్టెంబరు 8న చనిపోతే భారత ప్రభుత్వం 11వ తేదీని సంతాప దినమంది. అది ఆదివారం. సోమవారం మా తొమ్మిదో తరగతిలో, గిలకలదిండి నుంచి వచ్చే ఒక కుర్రాడు, "మాస్టారూ, ఆవిడ మనకేమవుద్దండీ?" అన్నాడు. వరస తేలితేగాని మైల ఎన్నాళ్ళో తేలదు కదా, వాడి అనుమానం న్యాయమైందే. 1901 జనవరిలో విక్టోరియా పోయినప్పుడు ఈ ప్రశ్న అడగని పెద్దలు చాలామంది ఉన్నారు. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది మాడి చస్తుండగా, 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆమెను చక్రవర్తినిగా చాటారు. అయినా మన పద్యకవుల్లో ఆమెను తల్లీ అని పిలిచినవాళ్ళున్నారు. ఆ పద్యాల్లో ఉన్నది శోకమా, ఛందస్సా అనేది వేరే వ్యాసం.

ఇక జనం దుఃఖం. ఇక్కడ మన ఆలంకారికుల మాట ఒకటి పనికొస్తుంది. కరుణరసానికి స్థాయీభావం శోకం. ఆ శోకం ఎవరిని ఆధారం చేసుకుని పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబనం. పోయినవాడే ఆలంబనమని కావ్యంలో చెప్పెయ్యొచ్చు. బతుకులో అంత తేలిగ్గా తేలదు. గిలకలదిండిలో చావింటి ముందు ఆడవాళ్ళు శోకాలు పెట్టటం విన్నవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వచ్చినామె ముందు పోయినవాణ్ణి వరస పెట్టి పిలుస్తుంది, బావా అనో పెదనాన్నా అనో. నాలుగు మాటలయ్యేసరికి శోకం దారి మళ్ళుతుంది. వేటకెళ్ళి తిరిగిరాని కొడుకు అందులోకి వస్తాడు. తాగొచ్చి కొట్టే మొగుడు వస్తాడు. తీరని అప్పు వస్తుంది. ఎదురుగా ఉన్న శవానికీ ఈ మాటలకూ సంబంధమేమిటని అక్కడెవరూ అడగరు. మామూలు రోజుల్లో ఆమె గొంతెత్తి ఏడవటానికి చోటు లేదని అందరికీ తెలుసు. చావిల్లు ఆ చోటు ఇస్తుంది. రాజు చావు నగరమంత చావిల్లు. అక్కడికి ఎవరి శోకం వాళ్ళు తెచ్చుకుంటారు. ఈ సంగతి గుర్తుంచుకుని 1967 ఫిబ్రవరిని మళ్ళీ చూడాలి.

కింగ్‌కోఠీ ముందు నిలబడ్డవాళ్ళు ఎవరెవరు? నిజాం సొంత ఎస్టేటు సర్ఫ్-ఎ-ఖాస్ జీతాల మీదా, పింఛన్ల మీదా బతికిన కుటుంబాలవాళ్ళు. 1948 తర్వాత సైన్యంలో, పాత దఫ్తర్లలో కొలువులు పోగొట్టుకున్నవాళ్ళు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అవి రద్దు కావలసినవే. కాని జాగీర్దారు నష్టపరిహారం పుచ్చుకున్నాడు, అతని గుమాస్తాకూ వంటవాడికీ బగ్గీ తోలేవాడికీ పరిహారం లేదు. ఉర్దూలో బి.ఏ. దాకా చదివినవాడి చదువు అతని కళ్ళముందే చెల్లని నాణెమైంది. వీటన్నిటికన్నా పెద్దది పోలీసు చర్య వెంటనే జరిగిన ముస్లిముల ఊచకోత. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో మరీ ఎక్కువ. ఎంత తక్కువగా లెక్కేసినా 27,000 నుంచి 40,000 మంది దాకా పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదిక 2013 దాకా చదువరులకు అందుబాటులోకి రాలేదు. నివేదికే దాచిపెట్టిన చోట శోకం బయటికెలా వస్తుంది? ఏడిస్తే నువ్వు ఎవరి పక్షమని అడుగుతారన్న భయం ఉంటుంది. 1967లో ప్రభుత్వమే సెలవిచ్చి, జెండా దించి, ఏడవటానికి అనుమతినిచ్చింది. ఆ రోజు నిజాం పేరు మీద ఏడ్చినవాళ్ళలో కొందరైనా ఒక అన్న కోసం, ఒక ఊరి కోసం, వదిలేసి వచ్చిన ఇంటి కోసం ఏడ్చారని నా నమ్మకం. అందులో ఫ్యూడల్ విధేయత లేదని నేననటం లేదు. అదొక్కటే లేదంటున్నాను.

హిందువులూ ఏడ్చారు కదా అంటారు. ఏడ్చారు. ఈ మాట మా కోస్తావాళ్ళకు అంతగా రుచించదుగాని చెప్పక తప్పదు. స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధన 1919 నాటి నిజాం ఫర్మానా. 1956 తర్వాత ఆ కొలువుల్లోకీ, ఆ భూముల్లోకీ మావైపు నుంచి వెళ్ళినవాళ్ళు తక్కువమంది కాదు. నిజాం పోయిన రెండేళ్ళకే, 1969లో, తెలంగాణ భగ్గుమంది. దొర తన్నిన తన్ను మరిచిపోలేనివాడు కూడా కొత్తగా తగిలిన దెబ్బ పచ్చిగా ఉన్నప్పుడు పాత ప్రభువు వైపు చూసి నిట్టూర్చి ఉండొచ్చు. ఈ మనిషిని పాత్రగా మలచాలంటే అతన్ని వెనకబడ్డ చైతన్యం అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తే కుదరదు.

ఇప్పుడు గాజుల సంగతి. నిజాం జనాజా రోజున లెక్కలేనంతమంది స్త్రీలు గాజులు పగలగొట్టుకున్నారనీ, దారులన్నీ గాజుపెంకులతో నిండిపోయాయనీ చెప్తారు. నిజాం గురించి రాసే ప్రతివాళ్ళూ ఈ వాక్యాన్ని ఎత్తి రాస్తున్నారు. సాహిత్య విద్యార్థి ఇక్కడ కాస్త తడుముకోవాలి. కావ్యాల్లో రాజుకు భూపతి అని పేరు, భూమికి మొగుడు. రాజు చస్తే భూమి విధవ అవుతుంది. ఇది స్తుతికవుల పాత సరుకు. గాజులు పగలటం నిజంగా కంటితో చూసిన దృశ్యమా, లేక ఈ అలంకారమే వార్తగా వేషం మార్చుకుందా? నా మటుకు నాకు రెండూ కలిశాయనిపిస్తుంది. హైదరాబాదులో గాజులకు ఇంకో అర్థం ఉంది. మొహర్రం నెలవంక కనపడగానే షియా స్త్రీలు గాజులు పగలగొట్టుకుంటారు. పీర్ల పండుగలో హిందువులూ కలుస్తారు. మొహర్రం సంతాపం కోసమే తన తల్లి పేరు మీద ఆజాఖానా జెహ్రా కట్టించినవాడు ఈ నిజామే. కాబట్టి గాజు పగిలితే మొగుడు పోయాడనే అర్థం కానక్కర్లేదు. న్యాయం ఓడిపోయిందని ఏడ్చే కర్బలా దుఃఖానికీ ఆ ఊళ్ళో అదే గుర్తు. జనం తమకు తెలిసిన సంజ్ఞను వాడుకున్నారు. దాన్ని రాజభక్తిగా తర్జుమా చేసినవాళ్ళు తర్వాత వచ్చారు.

చచ్చిన రాజు పెరుగుతాడు కూడా. 1965 యుద్ధకాలంలో నిజాం దేశరక్షణ నిధికి 5,000 కిలోల బంగారం దానం చేశాడన్న కథ ఊరూరా ఉంది. సమాచార హక్కు కింద అడిగితే తేలిందేమంటే, జాతీయ రక్షణ బంగారు పథకంలో ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ దానంగా కాదు, ఆరున్నర శాతం వడ్డీకి పెట్టుబడిగా. నిజాంసాగర్, ఉస్మానియా ఆస్పత్రి కట్టించింది నిజమే. ఎవరి శిస్తుతో అన్న ప్రశ్న మాత్రం స్మృతివ్యాసాల్లో కనిపించదు. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు రైతుబిడ్డ చదువుకోవలసింది ఉర్దూలో. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెయ్యవలసి వచ్చింది.

ఏడవనివాళ్ళ గురించి కూడా మాట్లాడాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య పడిపోయాడు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిని రజాకార్లు శ్మశానం చేశారు. నిజామాబాదు జైలు గోడల మధ్య దాశరథి నిజాంను నిలదీశాడు. ఈ ఊళ్ళల్లో, ఈ ఇళ్ళల్లో 1967 ఫిబ్రవరి 24 ఎలా గడిచింది? పొలానికి వెళ్ళినవాడు పొలానికే వెళ్ళి ఉంటాడు. ఏడవని మనిషిని ఎవరూ ఫోటో తియ్యరు. కొన్నిచోట్ల ఏడవకపోవటం నేరమవుతుంది కూడా. జపానులో అరవయ్యేళ్ళు పైగా ఏలిన హిరోహితో 1988లో మంచంపట్టగానే దేశమంతా పండగలూ వేడుకలూ ఆపుకున్నారు. ఆ డిసెంబరులో నాగసాకి మేయరు మొతోషిమా, యుద్ధానికి చక్రవర్తి బాధ్యత కూడా ఉందన్నాడు. 1990 జనవరిలో ఒక మితవాది అతన్ని తుపాకితో కాల్చాడు. అదృష్టవశాత్తూ బతికాడు. అణుబాంబు పడ్డ ఊరి మేయరుకే ఈ గతి పట్టిందంటే, రాజు చావు చుట్టూ కమ్ముకున్న నిశ్శబ్దంలో ఎంత దుఃఖం, ఎంత బెదిరింపు ఉన్నాయో వేరువేరుగా తూచుకోవలసిందే.

నిజాం మరణాన్ని గెజెట్ వెంటనే ధ్రువపరిచింది. సముద్రంలో తప్పిపోయిన మనిషి సంగతి వేరు. శవం దొరక్కపోతే, ఏడేళ్ళు ఆచూకీ లేనప్పుడుగాని చనిపోయాడని చట్టం భావించదు. ఈలోగా గిలకలదిండి రేవులో పడవలు వెళ్తూనే ఉంటాయి, వస్తూనే ఉంటాయి. ఇంట్లో ఆమె గాజులు తియ్యాలా, ఉంచుకోవాలా అన్నది పెద్దలు తలా ఒక మాట చెప్తారు. ఈ ఏడేళ్ళ మీద మన కథకులు ఎన్ని కథలు రాశారో, రాజుల మీద ఎన్ని పద్యాలున్నాయో ఎం.ఏ. విద్యార్థులు ఎవరైనా లెక్క తియ్యవచ్చు.