చిన్న పెట్రోలు ఇంజన్లు : పంచాయతీ వహింపవలసిన జాగ్రత్త

పూర్వము గ్రామమున ఇంజను అనగా బావిగట్టున బిగించిన ఆయిలు ఇంజనే. నేడు చేతితో మోసికొనిపోగల చిన్న పెట్రోలు ఇంజన్లు తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలకు విరివిగా వచ్చినవి. మామిడితోటలలో మందు చల్లుటకు, పశువుల మేత కోయుటకు, గంగమ్మ జాతరలో దీపములు వెలిగించుటకు, వానకాలమున దోమలపై పొగ వదలుటకు ఇవి ఉపయోగపడుచున్నవి. వీనిలో కొన్ని పంచాయతీ ఆస్తులు. నడుపువారు పంచాయతీ పనివారు. కావున వారి ప్రాణరక్షణ భారము సభ్యులపై నున్నది.

ఈ యంత్రముల వలన కలుగు ఘోరాపాయములు ముఖ్యముగా రెండు. మొదటిది పెట్రోలు ఆవిరి అంటుకొనుట. రెండవది ఇంజను పొగలోని విషవాయువు. రెండును కంటికి కానరానివే. అందుచేతనే అనుభవము గలవారు సైతము ఏమరుచుందురు.

పెట్రోలు పోయునపుడు

మండునది పెట్రోలు ద్రవము కాదు, దాని నుండి లేచు ఆవిరి. సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలో కూడ పెట్రోలు అంటుకొనుటకు చాలినంత ఆవిరి నిచ్చును. ఇక మన మే నెల ఎండల సంగతి చెప్పనేల? ఈ ఆవిరి గాలికంటె మూడు, నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోక నేలపై ప్రాకి, దూరమున నున్న పొయ్యినో బీడీ నిప్పునో చేరి అంటుకొని, మంటను తిరిగి డబ్బా వద్దకు తెచ్చును. ఇంజను ఆగినను పొగగొట్టము వెంటనే చల్లారదు. దోమల పొగయంత్రమున ఈ వేడి మరింత హెచ్చు. కావున పనివారు ఈ క్రింది నియమములను పాటింపవలెను.

1. ఇంజను ఆపి, పదిహేను నిమిషములు చల్లారనిచ్చి, ఆరుబయట పగటివేళ పెట్రోలు పోయవలెను. రాత్రి తప్పనిసరి యైనచో బ్యాటరీ దీపమునే వాడవలెను.

2. బంకులో డబ్బాను వాహనముపై నుంచి నింపరాదు, నేలపై నుంచవలెను. రాపిడి వలన పుట్టు విద్యుత్తు నిప్పురవ్వ కావచ్చును.

3. టాంకీని అంచువరకు నింపరాదు. వేడికి పెట్రోలు వ్యాకోచించును. ఒలికిన దానిని తుడిచి, ఆరిన పిదప, యంత్రమును మూడు మీటర్లు దూరము జరిపి నడుపవలెను.

4. రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలులో నూనె కలుపవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనుకు కలుపరాదు. పాలు ఎంతయో యంత్రముతో వచ్చిన పుస్తకమున చూడవలెను.

మంట లేచినచో నీరు చల్లరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. ఇసుక గాని పొడి మందు గల అగ్నిమాపక సాధనము గాని వాడి, 101 నంబరుకు ఫోను చేయవలెను.

నిలువ ఉంచుట

1934 నాటి పెట్రోలియం చట్టము ప్రకారము, అమ్మకమునకు కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండ ఉంచుకొనవచ్చును. అయితే అది గట్టి మూత గల పాత్రలలో ఉండవలెను. లోహపు పాత్ర 25 లీటర్లకు, గాజు లేక పింగాణి పాత్ర ఒక లీటరుకు మించరాదు. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు తెచ్చు అలవాటు ఇందుకు విరుద్ధము. పిల్లలు నీరని త్రాగు అపాయము కూడ కలదు.

విషవాయువు

ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు గలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తమున ప్రాణవాయువు చేరవలసిన తావున అది రెండువందల రెట్లకు మించిన బలముతో చేరి కూర్చుండును. తలనొప్పి, తలతిరుగుట, వాంతి తొలి లక్షణములు; పిదప స్మృతి తప్పును. కావున జనరేటరును గదిలోను, వరండాలోను, కిటికీ ప్రక్కను ఉంచరాదు.

బావి విషయమున మరింత మెలకువ అవసరము. గట్టున నున్న పంపు ఏడెనిమిది మీటర్లకు మించి నీటిని పీల్చజాలదు. అందుచే లోతైన రాయలసీమ బావులలో, పూడిక తీయునపుడు, ఇంజనునే లోనికి దింపుదమను ఆలోచన కలుగును. ఇది ప్రాణాంతకము. ఇంజను ఆపిన తరువాత కూడ విషవాయువు బావిలో నిలిచియుండును. జనరేటరును గట్టుకు దూరముగ నుంచి, నీటిలో మునుగు విద్యుత్ పంపును దింపుటయే మార్గము. లోపల ఒకరు పడిపోయినచో వెంటనే మరియొకరు దిగరాదు. రక్షింపబోయినవాడు కూడ అచ్చటనే కూలును. 101, 108 నంబర్లకు ఫోను చేసి, శ్వాసయంత్రములు గల సిబ్బంది వచ్చువరకు ఆగవలెను. ఆగుట కష్టమే; కాని ఒక కుటుంబమునకు వచ్చిన దుఃఖము మూడు కుటుంబములకు ప్రాకకుండుట అందువలననే సాధ్యము.

అందరి యంత్రము ఎవ్వరిదియు కానిదగుట గ్రామములందు తరచు చూచునదే. కావున ప్రతి యంత్రమునకు శిక్షణ పొందిన ఒక్క వ్యక్తిని బాధ్యునిగా నియమించి, లోహపు డబ్బాను, గరాటును, ఇసుక బక్కెట్లను సమకూర్చి, ఏ ఇంజనును బావిలోనికి దింపరాదని తదుపరి సమావేశముననే తీర్మానింపవలెనని సభ్యులను కోరుచున్నాము. వీనికగు వ్యయము స్వల్పము. కాపాడబడునది మన గ్రామస్థుని ప్రాణము.