కేటీ ఇచ్చేశారు... తెలిసిందంతా చేరినట్టేనా?

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఎవరైనా రాజీనామా పెట్టారనగానే మేనేజర్ నోట వచ్చే మొదటి ప్రశ్న ‘కేటీ ఎవరికి ఇస్తున్నారు?’ అనే. కేటీ అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. ప్రాజెక్టు గురించి ఒకరికి తెలిసింది మరొకరికి అందడమంటే మన ఐటీ రంగంలో చాలామందికి వెళ్లేముందు జరిగే ఈ అప్పగింత ఒక్కటే. ఈ ఆలోచన చుట్టూ పేరుకున్న అపోహల వల్ల మంచి టీములు కూడా దెబ్బతింటున్నాయి.

అపోహ: నోటీస్ పీరియడ్‌లో కేటీ సెషన్లు పెట్టి రికార్డు చేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: వెళ్లేవారు చెప్పగలిగేది తమకు గుర్తొచ్చినంత వరకే. నెలాఖరు బ్యాచ్ జాబ్ ఆగిపోతే ముందు ఏ లాగ్ చూడాలి, క్లయింట్ వైపు ఎవరికి ఫోన్ చేస్తే పనవుతుంది, ఫలానా ఎర్రర్ రోజూ వచ్చినా ఎందుకు కంగారు పడనక్కర్లేదు... ఇవేవీ స్లైడ్లలోకి ఎక్కవు. దాచుకోవాలని ఎవరూ అనుకోరు, చేతికి అలవాటైన పని మాటల్లోకి అంత తేలిగ్గా రాదంతే.

దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. 1980లలో జపాన్‌లో మత్సుషిత సంస్థ ఇంట్లో బ్రెడ్ చేసుకునే యంత్రం తయారు చేస్తుంటే పిండి సరిగా కలిసేది కాదు. బ్రెడ్ పైన మాడిపోయేది, లోపల పచ్చిగా ఉండిపోయేది. ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకాలో పేరున్న ఒక హోటల్ బేకర్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. ఆయన పిండిని ఒక ప్రత్యేకమైన తీరులో సాగదీస్తున్నారని పక్కన ఉండి చూస్తేగానీ ఆమెకు తెలియలేదు. అదే తీరు యంత్రానికీ రావాలని ఇంజనీర్లు దాని లోపల పట్టీలు అమర్చారు. మేనేజ్‌మెంట్ నిపుణుడు ఇకుజిరో నొనాకా 1991లో రాసిన వ్యాసంతో ఈ ఉదంతం ప్రపంచమంతటికీ తెలిసింది.

కేటీకీ ఇదే దారి. కొత్తవారు మొదట పక్కన కూర్చుని చూడాలి. తర్వాత కీబోర్డు వాళ్లకిచ్చి పాతవారు వెనక్కి జరగాలి. నేర్చుకున్నవారే తిరిగి చెప్పి చూపించే రివర్స్ కేటీ అనే చక్కని పద్ధతి మనకుంది, కానీ చాలాచోట్ల అది అవే స్లైడ్లను తిరిగి చదివించడంతో ముగిసిపోతోంది. నిజమైన టికెట్ ఒకటి చేతికిచ్చి చేయించాలి. అందుకు నోటీస్ పీరియడ్ దాకా ఆగకూడదు.

అపోహ: అన్నీ రాసి ఒకచోట పెడితే కావలసినవాళ్లు చదువుకుంటారు.

వాస్తవం: పాత ప్రాజెక్టుల పాఠాలు భద్రపరచడానికి నాసాకు ప్రత్యేకంగా ఒక డేటాబేస్ ఉంది. దాన్ని మేనేజర్లు క్రమం తప్పకుండా వాడడం లేదని 2002లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ తేల్చింది. నాసాలోనే అలా ఉంటే మన టీములు నోట్స్ దాచుకునే కాన్‌ఫ్లుయెన్స్ పేజీల సంగతి ఊహించుకోవచ్చు. ప్రతి పేజీకి బాధ్యుడొకరు, చివరిసారి సరిచూసిన తేదీ ఉండాలి. లేకపోతే ఏది ఇప్పటిదో ఏది పాతదో తెలియక జనం చదవడమే మానేస్తారు.

అపోహ: ఎజైల్‌లో డాక్యుమెంట్లు అక్కర్లేదు.

వాస్తవం: 2001 నాటి ఎజైల్ ప్రకటన పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు పెద్దపీట వేసింది, రాతకు విలువ లేదని ఎక్కడా అనలేదు. రాత లేకపోతే ఏమవుతుందో నైట్ క్యాపిటల్‌ను చూస్తే తెలుస్తుంది. ఈ అమెరికన్ షేర్ ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ను 8 సర్వర్లకు ఎక్కించాల్సి ఉండగా ఒకదాన్ని వదిలేసింది. ఇంకొకరు సరిచూడాలన్న రాతపూర్వక నియమం అక్కడ లేదు. 2012 ఆగస్టు 1న ఆ ఒక్క సర్వర్‌లో, ఏళ్ల క్రితమే వాడకం మానేసిన కోడ్ మళ్లీ నడవడం మొదలైంది. దాదాపు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం! మార్కెట్ తెరవకముందే ఆ లోపం గురించి సిబ్బందికి 97 ఆటోమేటిక్ ఈమెయిళ్లు వెళ్లాయని తర్వాతి విచారణలో బయటపడింది. ఎవరూ వాటిని పట్టించుకోలేదు. వాటిని హెచ్చరికలుగా రూపొందించనే లేదు మరి.

అపోహ: తెలిసిందంతా చెప్పేస్తే మన అవసరం తీరిపోతుంది.

వాస్తవం: లేఆఫ్‌ల కాలంలో ఈ భయాన్ని తప్పుపట్టలేం. కానీ ఒక్కరికే తెలిసిన పని ఆ ఒక్కరినే కట్టిపడేస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లినా ఫోన్ వస్తుంది, కొత్త ప్రాజెక్టుకు వెళ్తామంటే వదలరు. జిరాక్స్ సంస్థ మరమ్మతు టెక్నీషియన్లను దగ్గరుండి గమనించిన మానవశాస్త్రవేత్త జూలియన్ ఓర్, మాన్యువల్‌లో లేని చిక్కులను వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలతోనే విప్పుతున్నారని గుర్తించారు. తర్వాత ఆ సంస్థ యురేకా అనే వ్యవస్థ పెట్టి, టెక్నీషియన్లు రాసిన చిట్కాలను తోటివారితో సరిచూయించి, రాసినవారి పేరుతోనే అందరికీ పంపింది. అలా చెప్పినవారికి పేరొచ్చింది.

అపోహ: వెనకబడిన ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే సరి, పని వాళ్లే నేర్చుకుంటారు.

వాస్తవం: ఐబీఎంలో ఓఎస్/360 అభివృద్ధిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పారు, అలా చేరిస్తే ప్రాజెక్టు ఇంకా ఆలస్యమవుతుందని. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు ఐదుగురి మధ్య 10 ఉంటే పదిమంది మధ్య 45 అవుతాయి. పైగా కొత్తవారికి నేర్పేది పని బాగా తెలిసినవారే కనుక, ఆ గంటలు వాళ్ల పనిలోంచే పోతాయి. ఆ గంటలను స్ప్రింట్ ప్లాన్‌లో సీనియర్ పేరు ఎదురుగా రాసి, అంతమేరకు టికెట్లు తగ్గించాల్సింది మేనేజరే.