విశ్వవిద్యాలయ గ్రంథాలయము: వర్గీకరణమును దెలుఁగు కవుల కాలనిర్ణయమును

విశ్వవిద్యాలయ గ్రంథాలయములందు విద్యార్థులకు జరుగు సేవను గూర్చి వ్రాయువారు సాధారణముగా గ్రంథముల సంఖ్యను, భవనముయొక్క వైశాల్యమును, పఠనమందిరములోని యాసనములను లెక్కించి విరమింతురు. కాని లక్ష గ్రంథములున్న చోటఁ దనకుఁ గావలసిన యొక్కటి కంటఁబడనిచో విద్యార్థికి నా లక్షయు లేనట్లే. కావున నిచ్చట విచారింపఁబూనినది గ్రంథములను వరుసగా నిలుపు పద్ధతియు, తెలుఁగు సారస్వతము దానికి లోఁబడునపుడు పుట్టు చిక్కులును. ఈ చిక్కులలోఁ గొన్ని గ్రంథాలయాధికారులు తీర్పఁగలవి కావు, సాహిత్యపరిశోధకులే తీర్పవలసినవి.

పూర్వము మన గ్రంథాలయములలోఁ బెక్కింట గ్రంథములు తాళము వేసిన బీరువాలలో నుండెడివి. విద్యార్థి పట్టికను జూచి, చీటి వ్రాసి యిచ్చి, సేవకుఁడు తెచ్చువఱకు వేచియుండవలెను. పేరు తెలియని గ్రంథము నడుగుట యెట్లు? చెన్నపురి విశ్వవిద్యాలయమున 1924లో గ్రంథాలయాధికారిగా నియుక్తులైన శియ్యాళి రామామృత రంగనాథన్ గారు అంతకుముందు గణితోపాధ్యాయులు. వారు లండనునకుఁ బోయి గ్రంథాలయశాస్త్రము నభ్యసించి వచ్చి, బీరువాల తాళములు తీయించి విద్యార్థులను గ్రంథముల నడుమ విడిచిరి. 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములు సుప్రసిద్ధములు. గ్రంథములు వినియోగమునకే యున్నవనియు, ప్రతి పాఠకునకుఁ దగిన గ్రంథమును, ప్రతి గ్రంథమునకుఁ దగిన పాఠకుఁడును గలఁడనియు, పాఠకుని కాలము వ్యర్థము గాఁగూడదనియు, గ్రంథాలయము పెరిగెడి ప్రాణివంటిదనియు వాని సారము. తాళము తీసిన పిమ్మట వరుస ముఖ్యమగును. ఏలయన, విద్యార్థి యొక గ్రంథమునకై పోయి దాని ప్రక్కనున్న దానిని జూచును. ఆ ప్రక్కనుండుట యాదృచ్ఛికము గాఁగూడదు.

1876లో వెలువడిన డ్యూయీగారి దశాంశ పద్ధతి నేఁడును బెక్కు చోట్ల వాడుకలో నున్నది. అందు సారస్వతమంతయు 800తోఁ బ్రారంభించును. సంస్కృత సారస్వతమునకు 891.2, హిందీకి 891.43, తెలుఁగునకు 894.827. భాషాకుటుంబముల దృష్టిచే నీ విభాగము నిర్దుష్టమే. ఐనను ఫలమును జూడుఁడు. తెలుఁగు భారతమును మూలముతోఁ బోల్చి చదువఁదలఁచిన విద్యార్థికి సంస్కృతము దూరమై, తుర్కీ, హంగేరీ భాషల కావ్యములు ప్రక్కనుండును. వానితో మన కవిత్రయమున కిరుగుపొరుగు సంబంధ మెన్నఁడును లేదు.

రంగనాథన్ గారు 1933లోఁ బ్రకటించిన ద్విబిందు వర్గీకరణము వేఱు త్రోవఁ ద్రొక్కినది. సారస్వతమునకు 'ఓ' అను నాంగ్లాక్షరము, తరువాత భాష, పిదపఁ గావ్యమా, నాటకమా, కథయా యను ప్రక్రియ, ఆపైఁ గవి. కవిని సూచించునది పేరు గాదు, జన్మసంవత్సరము. ఒక్కొక్క శతాబ్దికి నొక్కొక యక్షరము గలదు. 'జె' యనఁగా 1500 మొదలు 1599 వఱకు. 1564లో జన్మించిన షేక్స్పియరు 'జె64' అగును. ఆ లెక్కచొప్పున 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 'ఎమ్48', 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు 'ఎమ్62'. ఒక భాషలోని యొక ప్రక్రియ కాలక్రమముగ బల్లమీఁద నిలుచును. విద్యార్థి బల్లవెంబడి నడచిన సారస్వతచరిత్రము వెంబడి నడచినట్లే. ఇది మిక్కిలి మనోహరమైన యేర్పాటనియే నా యభిప్రాయము.

కాని మన ప్రాచీనకవుల జన్మసంవత్సరము లెవరికిఁ దెలియును? శాసనములను, కృతిపతుల కాలమును బట్టి శతాబ్దినో పాదశతాబ్దినో నిర్ణయింపఁగలిగితిమేని యదియే పదివేలు. వేమన విషయమున నభిప్రాయభేదము శతాబ్దులకే వ్యాపించియున్నది. నన్నెచోడుని సంగతి మఱియుఁ జిత్రము. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లోఁ గుమారసంభవమును బ్రకటించి, యాతఁడు నన్నయకుఁ బూర్వుఁడని వాదించిరి. పెక్కురు పండితులు దానిని ద్రోసిపుచ్చి పండ్రెండవ శతాబ్దివాఁడనిరి. కవిగారి మత మంగీకరించినచో గ్రంథము 'డి' యక్షరముక్రింద నన్నయకు ముందు నిలుచును. రెండవ మత మంగీకరించినచో 'ఎఫ్'క్రింద నన్నయకుఁ దరువాత. గ్రంథాలయాధికారి తటస్థుఁడుగా నుండఁజాలఁడు. అంకె వేసిన క్షణముననే యతఁడు వివాదమున నొక పక్షమువాఁడగును. ఆ సంగతి నెఱుఁగని విద్యార్థి యంకెను సిద్ధాంతముగాఁ దలఁచును. ఇట్టి చోట్లఁ బట్టికలో 'కాలము వివాదగ్రస్తము' అను నొక్క మాట చేర్చుటకుఁ బట్టు శ్రమ యెంత?

నామములు వేఱొక చిక్కు. పాశ్చాత్యులకు వంశనామము తుది నుండును. మనకు ఇంటిపేరు మొదట. విశ్వనాథ సత్యనారాయణగారి పేరును బాశ్చాత్యనియమముచొప్పున నెక్కించినచో నాయన 'సత్యనారాయణ'లగుంపులోఁ గలిసిపోవుదురు. నన్నయకును దిక్కనకును గ్రంథములపై సాధారణముగా ఇంటిపేరే కనఁబడదు. పొడియక్షరములు వేసినచోటఁ గందుకూరివారు 'కె' అను నొక్క యక్షరమునఁ దాఁగుకొందురు. ఒక్క గ్రంథాలయముననే యొక్క కర్త మూఁడు చోట్ల నుండుట కిదియే హేతువు. సరియైన రూపము నొక్కదానిని బెట్టి, తక్కినవానినుండి దానికి 'చూడుము' అను సూచన నిచ్చుటయే దీనికి మందు.

కంప్యూటరు పట్టికలు వచ్చిన తరువాత నీ చిక్కులు పోయినవని కొందఱు తలంచుచున్నారు. పోలేదు, మఱుఁగుపడినవి. తెలుఁగు గ్రంథముల పేళ్లను చుక్కలు లేని రోమను లిపిలో నెక్కించినచోట ట-తలకును, ల-ళలకును భేదము పోవును. ఒకరు 'త'కు హకారము చేర్తురు, మఱొకరు చేర్పరు. ఛాయాచిత్రములుగ నెక్కించిన పాతపుస్తకములలోని పుటలను యంత్రము చదువనిచో వానిలోని మాట నెట్లు వెదకుట? 2009 నాఁటి విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారి నియమముల తరువాత సిద్ధాంతవ్యాసముల ప్రతులు 'శోధగంగ' యను భాండాగారమునఁ జేరుచుండుట విద్యార్థులకు మహోపకారము. అచ్చటను శీర్షికను దప్పుగా నెక్కించినచో వ్యాసము వెదకువారికిఁ జిక్కదు.

పాఠశాలాపండితులు దీనిలోఁ జేయఁగల పని యొకటి కలదు. విశ్వవిద్యాలయమునకుఁ బోవు విద్యార్థికి గ్రంథము పేరు మాత్రమే చెప్పక, కర్త యింటిపేరును, పరిష్కర్త పేరును, ముద్రణసంవత్సరమును వ్రాసి యిచ్చి పంపవలెను. రోమను లిపిలో నా పేరు రెండు మూఁడు విధములుగ నెట్లు వ్రాయఁబడునో యదియుఁ జూపవలెను. పట్టికలోఁ దప్పు కనఁబడినచో గ్రంథాలయాధికారికి జాబు వ్రాయుట మఱువరాదు.