మా పెరటి నూనెబుడ్డిగాడు

కార్తీకమాసంలో మా పెద్దదోర్నాలకు రెండు రకాల యాత్రికులు వస్తారు. ఒకరు శ్రీశైలం వెళ్ళే భక్తులు. బస్సు దిగి, కాఫీ తాగి, మళ్ళీ నల్లమల ఘాటురోడ్డు పట్టి పోతారు. రెండోవాడు ఎక్కడికీ పోడు. తిన్నగా మా పెరట్లో దిగి చలికాలమంతా మకాం వేస్తాడు. రాత్రిళ్ళు అడవి చెక్‌పోస్టు దగ్గర బండ్లను ఆపుతారు గాని, ఈయన్ని ఆపేవాళ్ళెవరూ లేరు.

మనిషి, అదే, పిట్ట, పిచ్చుకంత ఉంటాడు. తల, వీపు, రొమ్ము మసిబారిన నలుపు; పొట్టా తోకా ఇటుకరంగు. గోడమీద వాలి, ఒకసారి వంగి దణ్ణం పెట్టి, తోక గడగడ వణికిస్తాడు. "పాపం, చలేస్తోంది తాతా!" అంది మా మనవరాలు. చలి కాదు, వాడి అలవాటే అంత. హిమాలయాల ఎత్తుల్లోనూ, వాటికి ఆవల టిబెట్టులోనూ పిల్లల్ని లేపి వచ్చినవాడికి మన దోర్నాల చలి ఒక లెక్కా?

వాడి పేరు నూనెబుడ్డిగాడు. ఒకప్పుడు నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ దొర 1862-64 మధ్య అచ్చయిన తన పక్షుల పుస్తకంలో ఈ తెలుగు పేరును ఎక్కించాడు. ఆ జిడ్డు నలుపు చూస్తే పేరు పెట్టినవాడెవడోగాని మహా గడుసువాడనిపిస్తుంది.

మొదటి ఏడు నేను వీణ్ణి నల్లంచి అనుకుని, పొరుగింటివారితో పందెం కాసి ఓడిపోయాను. నల్లంచి ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే పిట్ట. దాని ఎరుపు తోక కింద మాత్రమే కనిపిస్తుంది. ఆ తోకను వీపుమీదికి నిలువుగా ఎత్తిపెట్టుకుంటుంది. మనవాడికి పొట్టంతా ఇటుకరంగే, తోక ఎత్తడు, వణికిస్తాడు. ఇక పికిలిపిట్టకూ తోక కింద ఎరుపే గాని, నెత్తిన నల్లటి జుట్టు ఉంటుంది కనుక పొరబడరు.

మా ఆవిడ పిట్టలకు విందు చేయడంలో దిట్ట. తెల్లవారేసరికి చేటెడు నూకలు. గోరింకలకు ఉప్పు కలపని అన్నం, పికిలిపిట్టలకు పండిన బొప్పాయి ముక్క. చూరుకు కొర్రకంకులు కుచ్చుగా కడితే పిచ్చుకలు తలకిందులుగా వేళ్ళాడుతూ ఒలుచుకు తింటాయి. మూకుడులో నీళ్ళు రోజూ మార్చాలి. బూజు పట్టిన గింజ వేయరాదు. పిల్లి నక్కే పొదకు దూరంగా పెట్టాలి. అంతకుమించి ఇందులో శాస్త్రమేమీ లేదు.

నూనెబుడ్డిగాడు మాత్రం ఈ విందులో ఒక్క మెతుకైనా ముట్టడు. వాడికి కావలసినవి పురుగులు. పేడదిబ్బ పక్కన, రాలిన మునగాకు కింద, గాబు దగ్గరి తడిమట్టిలో వెతుక్కుంటాడు. అంటే వాడికి మనం వడ్డించగలిగింది మట్టినేల ఒక్కటే. చిక్కంతా అక్కడే వచ్చింది.

పోయిన వానాకాలం ఆ పెరట్లోంచే తేలు ఒకటి వంటింట్లోకి వచ్చింది. "ఏమండీ, పసిపిల్ల తిరిగే ఇల్లు. మీ పిట్ట కోసం తేళ్ళను పెంచమంటారా?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు. సిమెంటు బస్తాలు వసారాలో దిగాయి. "కార్తీక పున్నమి దాకా ఆగుదాం. అప్పటికీ రాకపోతే మీ ఇష్టం" అన్నాను. నిజానికి వాడు అక్టోబరులోనే రావలసినవాడు. దీపావళి వెళ్ళింది, నాగులచవితి వెళ్ళింది. గోడ ఖాళీ. మేస్త్రీ రెండుసార్లు కబురంపాడు. నేను రెండుసార్లూ ఇంట్లో లేనని చెప్పించాను.

పున్నమికి మూడురోజుల ముందు, పొద్దున్నే నూకలు చల్లుతున్న మా ఆవిడే కేకేసింది: "వచ్చాడు!"

పోయినేటివాడేనా? కాలికి ఉంగరం తొడిగితే తప్ప ఎవరూ చెప్పలేరు. మా ఆవిడ మాత్రం వాడేనంటుంది. చివరికి రాజీ కుదిరింది. వంటింటి గుమ్మం నుంచి గాబు దాకా గచ్చు, గాబు అవతల మట్టి. గోడవార కంపా, రాళ్ళకుప్పా ఎత్తించాము, తేళ్ళకు చోటు లేకుండా. మిగిలిన సిమెంటు స్నానాలగదికి పోయింది.

"ఒక్కడే వచ్చాడేం? పెళ్ళాన్ని ఎక్కడ వదిలాడు?" అని అడిగింది నిన్న మా ఆవిడ. చలికాలం వీళ్ళు ఎవరి చోటు వాళ్ళు చూసుకుంటారని, ఆడపిట్ట గోధుమరంగులో ఉండి, తోక మాత్రం ఇలాగే ఇటుకరంగులో ఉంటుందని చెప్పాను. అప్పటినుంచి పొరుగింటివారి గోడమీదికి తొంగి తొంగి చూస్తోంది.