నిజం చెబితే కొలువు పోవాలా?

కలిగిరిలో ఓ రైస్‌మిల్లు. తిరిగే బెల్టుకు రక్షణగా జాలీ లేదు. ఎవరి చేయి పోతుందోనని ఓ కార్మికుడు అధికారులకు ఫిర్యాదు చేశాడనుకోండి. 'రేపట్నుంచి పనికి రావొద్దు' అన్నాడు యజమాని. ఇప్పుడా కార్మికుడు ఎక్కడికెళ్లాలి?

లోపం ఎత్తిచూపితే ఏమవుతుందో 2020లో రాష్ట్రమంతా చూసింది. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్. కరోనా వేళ వైద్యులకు మాస్కులు, రక్షణ దుస్తులు చాలడం లేదని ఏప్రిల్‌లో బహిరంగంగా చెప్పారు. ప్రభుత్వం ఆ ఆరోపణను తోసిపుచ్చింది, ఆయన్ను సస్పెండ్ చేసింది. మే నెలలో విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. ఆ ఉదంతంపై హైకోర్టు సీబీఐ దర్యాప్తునకు ఆదేశించింది. ఏడాది తిరిగేసరికి, 2021 మేలో, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

మరి చట్టాల్లేవా? ప్రభుత్వంలో అవినీతిని బయటపెట్టేవారి కోసం పార్లమెంటు 2014లో ఓ చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదమూ దొరికింది. అమలు తేదీని మాత్రం ప్రకటించలేదు. అలా అది కాగితాలకే పరిమితమైంది.

మిల్లు కార్మికుడి దారి వేరు. కక్షగట్టి ఉద్యోగంలోంచి తీసేయడాన్ని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే తప్పుపట్టింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే మాట చెబుతోంది. పని లేదని తీసేసినా సరే, ఏడాది సర్వీసున్న కార్మికుడికి నెల ముందు నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం చొప్పున పరిహారమూ చెల్లించాలి.

అన్యాయంగా తీసేశారనిపిస్తే ముందుగా కార్మికశాఖలోని రాజీ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. తొలగించిన రెండేళ్లలోపే వెళ్లాలి.

చిక్కంతా రుజువు దగ్గరే. 'ఫిర్యాదు చేశాడని తీసేశాం' అని ఏ యజమానీ రాసివ్వడు. 'సరిగా పనిచేయడం లేదు' అంటాడు. అందుకే నోటిమాటతో సరిపెట్టుకోకూడదు. ఫిర్యాదు నకలు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు, జీతం చీటీలు దాచుకోవాలి. ఏళ్ల తరబడి లేని లోపం ఫిర్యాదు చేసిన మర్నాడే ఎలా కనిపించిందో ఆ తేదీలే అడుగుతాయి.

ఒక్కటి మాత్రం నిజం. మనిషిని పంపించేసినంత మాత్రాన బెల్టుకు జాలీ రాదు. ఆ చోట రేపు మరొకరు నిలబడాల్సిందే.