చేపల ఫ్యాక్టరీ అతిథి గృహమైతే లాభం ఎవరికి?



ఒక ఫ్యాక్టరీ మూతపడితే ఏమవుతుంది? ఇనుము పాత సామాన్ల వాళ్ళు పట్టుకుపోతారు. గోడలు కూలతాయి, పిచ్చిమొక్కలు లేస్తాయి. కానీ కొన్నిచోట్ల అలా వదిలెయ్యకుండా దాన్ని బాగుచేసి, యాత్రికులు వచ్చి ఉండే చోటుగా మారుస్తున్నారు. దీన్నే ఎకో టూరిజం అంటున్నారు. అంటే ప్రకృతిని పాడుచెయ్యకుండా చూసి పోవడం అన్నమాట.

ఇది మంచిదా, చెడ్డదా? ఊరికే మాట్లాడితే తేలదు. అందుకే కెనడాలో ఒక నది ఒడ్డున ఉన్న చేపల ఫ్యాక్టరీల కథ రాస్తున్నాను. అక్కడ పనిచేసినవాళ్ళలో చాలామంది మనలాగే గిరిజనులు. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నది పేరు స్కీనా

కెనడా దేశానికి పడమటి చివర బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఉంది. దాని ఉత్తర భాగంలో స్కీనా నది కొండల్లో పుట్టి, 570 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, ప్రిన్స్ రూపర్ట్ అనే రేవు పట్నం దగ్గర పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. అక్కడ వానలు విపరీతం. ఎప్పుడు చూసినా కొండల మీద మబ్బు, మంచు పొగ.

నది మొగ దగ్గర సింషియన్ అనే గిరిజనులు వేల ఏళ్ళ నుంచి ఉన్నారు. సింషియన్ అనే మాటకే 'స్కీనా నది లోపలివాళ్ళు' అని అర్థం. చూశారా, నది పేరే జాతి పేరయింది! ఇంకా పైకి వెళితే గిట్‌క్సాన్, బాబీన్ మొదలైన తెగలు ఉన్నాయి. వీళ్ళందరి బతుకు ఒక్క చేప మీద ఆధారపడింది. అదే సాల్మన్.

సాల్మన్ అంటే ఎలాంటి చేప?

మన గోదావరి పులస గురించి అందరికీ తెలుసు గదా. సముద్రంలో ఇలస వరద నీళ్ళు తగలగానే గోదావరిలోకి ఎదురీదుతుంది, గుడ్లు పెట్టడానికి. సాల్మన్ కూడా అలాగే ఎదురీదే చేప. ఇది ఏటిలో పుడుతుంది. కొంతకాలం మంచినీళ్ళలో పెరిగి సముద్రానికి వెళ్ళిపోతుంది. కొన్నేళ్ళు అక్కడ తిరిగి, బాగా బలిసి, తను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. ఆ ఏటి నీళ్ళ వాసన దానికి గుర్తుంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. పసిఫిక్ సాల్మన్‌లలో ఎక్కువ రకాలు గుడ్లు పెట్టగానే చచ్చిపోతాయి. ఎలుగులు, గద్దలు వాటిని తింటాయి. మిగిలింది కుళ్ళి అడవి చెట్లకు ఎరువవుతుంది. అంటే ఒక్క చేప నదినీ, అడవినీ, మనిషినీ పోషిస్తుంది.

ఇందులో 'సాకై' అనే రకానికి మాంసం బాగా ఎర్రగా ఉంటుంది. డబ్బా విప్పగానే ఎర్రగా కనపడాలని ఇంగ్లండు వ్యాపారులు దీన్నే అడిగేవారు.

చేప డబ్బాలోకి ఎలా వెళ్ళేది?

ఆ రోజుల్లో ఫ్రిజ్‌లు లేవు. చేపను దూరదేశం పంపాలంటే ఉప్పు వెయ్యాలి, ఎండబెట్టాలి, లేదా రేకు డబ్బాలో మూసి ఉడకబెట్టాలి. స్కీనా మీద మొదటి డబ్బాల ఫ్యాక్టరీ 1876లో పెట్టారు. దీన్ని క్యానరీ అంటారు. తర్వాత వరసగా చాలా వచ్చాయి. అన్నీ నీళ్ళలోకి గుంజలు పాతి వాటి మీద కట్టినవే. పోటు వచ్చినప్పుడు పడవ నేరుగా ఫ్యాక్టరీ పక్కకే వచ్చేది.

పని ఇలా జరిగేది:

1. పడవలోంచి చేపల్ని పైకి విసురుతారు.
2. తల, తోక, రెక్కలు కోసి, పొట్టలోది తీసేస్తారు.
3. చల్లని నీళ్ళలో గీకి కడుగుతారు.
4. డబ్బా ఎత్తుకు సరిపడా ముక్కలు కోసి, కొంచెం ఉప్పు వేసి, చేత్తో కూరుతారు.
5. మూత అతికి, పెద్ద ఇనప పెట్టెల్లో ఆవిరితో ఉడికిస్తారు. లోపలి క్రిములు చస్తాయి. ముల్లు కూడా మెత్తబడుతుంది.
6. చల్లారాక కాగితం అంటించి, 48 డబ్బాలు ఒక చెక్కపెట్టెలో సర్దుతారు. ఒక్కో డబ్బాలో ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల చేప ఉంటుంది.

ఎవరి కష్టం?

ఇదే ముఖ్యమైన సంగతి. చేపలు పట్టడం ఎక్కువగా గిరిజన మగవాళ్ళు, జపాన్ నుంచి వచ్చినవాళ్ళు చేసేవారు. వలలు అల్లడం, చేప కడగడం, డబ్బాలు నింపడం గిరిజన ఆడవాళ్ళ పని. పసిపిల్లల్ని పక్కనే పెట్టుకుని రోజంతా నిలబడి నింపేవారు. కూలి డబ్బాల లెక్కన. ఒక పళ్ళెం డబ్బాలు నింపితే కార్డుకి ఒక చిల్లు. మన దగ్గర తునికాకు కల్లంలో కట్టల లెక్కన డబ్బులు ఇస్తారు చూడండి, అలాగే.

చేపలు కొయ్యడం, డబ్బాలు తయారుచెయ్యడం చైనావాళ్ళ పని. వాళ్ళను ఒక మేస్త్రీ గంపగుత్తగా తెచ్చేవాడు. 1900ల మొదట్లో చేపలు కోసే యంత్రం వచ్చి వాళ్ళ పని ఊడగొట్టింది. ఆ యంత్రానికి కూడా చైనావాళ్ళను తిట్టే పేరే పెట్టారు.

ఉండే చోట్లు కూడా వేరు వేరు. మేనేజరుకు మంచి ఇల్లు. చైనావాళ్ళకు ఒక కొట్టం, జపానువాళ్ళకు ఒక వరస, గిరిజనులకు ఇంకో వరస గుడిసెలు. సరుకులు ఫ్యాక్టరీ కొట్టులోనే అప్పు తెచ్చుకోవాలి. సీజను చివర లెక్క చూస్తే చేతికొచ్చేది కొంచెమే. షావుకారు పద్దు ఏ దేశంలోనైనా ఒకటే!

1942లో యుద్ధం పేరు చెప్పి కెనడా ప్రభుత్వం తీరంలోని జపాను జాతివాళ్ళను 20 వేలకు పైగా మందిని ఇళ్ళు ఖాళీ చేయించి దూరం పంపేసింది. వాళ్ళ పడవలు దాదాపు 1,200 లాగేసుకుంది. వాళ్ళలో చాలామంది కెనడాలోనే పుట్టినవాళ్ళు.

తడకలు పీకేశారు

నదికి పైన బాబీన్ గిరిజనులు ఏటికి అడ్డంగా తడకల కట్టు కట్టి చేపలు పట్టేవారు. స్కీనాకు వచ్చే సాకై చేపల్లో ఎక్కువ భాగం బాబీన్ సరస్సు వైపు పోయేవే. కావలసినన్ని పట్టుకుని, మిగతావాటిని పైకి వదిలేవారు. ఎండబెట్టి చలికాలమంతా తినేవారు. 'వీళ్ళ తడకల వల్ల చేపలు తగ్గిపోతున్నాయి' అని కింద ఉన్న ఫ్యాక్టరీలవాళ్ళు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం ఆ తడకలు తీయించింది. 1906లో బాబీన్ పెద్దలు రాజధాని ఒట్టావా దాకా వెళ్ళి మొరపెట్టుకున్నారు. తడకలకు బదులు వలలు, సేద్యపు పనిముట్లు ఇస్తామన్నారు.

కింద లక్షల చేపలు పట్టేవాడి మీద కేసు లేదు. పైన తిండికి పట్టేవాడిది తప్పయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. కింద దీనితో పని ఉంది.

మీకు తెలుసా?

* 1924 వరకు ఉత్తర తీరంలో ఈ చేపల పడవలకు ఇంజను పెట్టనిచ్చేవారు కాదు. తెరచాప, తెడ్డే గతి.
* 1889లో పెట్టిన నార్త్ పసిఫిక్ క్యానరీని 1985లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఇప్పుడది మ్యూజియం.

ఎందుకు మూతపడ్డాయి?

ఐసు పెట్టుకుని వేగంగా పోయే పడవలొచ్చాయి. దాంతో చేపను పట్టిన చోటే డబ్బాలో పెట్టక్కర్లేదు. అన్నీ పట్నంలోని పెద్ద ఫ్యాక్టరీకి పోయాయి. చేపలూ తగ్గాయి. ఒక్కొక్కటే తాళం పడింది. వాటిలో కాసియర్ క్యానరీ 1903 నుంచి 1983 దాకా 80 ఏళ్ళు నడిచింది. చివరికి ప్రిన్స్ రూపర్ట్ పట్నంలో మిగిలిన పెద్ద ఫ్యాక్టరీలో కూడా 2015 సీజను తర్వాత డబ్బాల పని ఆపేశారు. అప్పుడు పని పోయినవాళ్ళలో గిరిజన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఫ్యాక్టరీ అతిథి గృహం ఎలా అయింది?

కాసియర్ స్థలాన్ని తర్వాత ఒక కుటుంబం కొనుక్కుంది. నది ఒడ్డున మిగిలిన పాత సిబ్బంది ఇళ్ళను కూల్చకుండా బాగుచేసి యాత్రికులకు అద్దెకిచ్చారు. అక్కడ కూర్చుంటే పోటు పాట్లు చూడొచ్చు. గద్దలు, సీల్ జంతువులు కనిపిస్తాయి.

చెప్పినంత తేలిక కాదు ఈ పని. ముందు గుంజలు చూడాలి. ఉప్పునీళ్ళలో చెక్కను తొలిచే పురుగులుంటాయి. పైకి గట్టిగా కనపడే గుంజ లోపల డొల్లగా ఉంటుంది. పాత గుంజలకు పూసిన తారునూనె, నేలలో ఇంకిన డీజిలు, పాత రంగుల్లోని సీసం, ఇవన్నీ విషాలే. జాగ్రత్తగా తీసి వేరేచోట వెయ్యాలి. మరుగుదొడ్ల నీళ్ళు నదిలోకి పోకూడదు. ఎందుకంటే నది మొగ అంటే సాల్మన్ పిల్లలకు బడి లాంటిది. సముద్రంలోకి పోయే ముందు అక్కడి గడ్డిలో దాక్కుని, తిని, ఉప్పునీటికి అలవాటు పడతాయి. అది పాడైతే చేప లేదు. చేప లేకపోతే ఎలుగు లేదు, గద్ద లేదు. మరి యాత్రికుడు ఏం చూడ్డానికి వస్తాడు?

ఆ మొగలోనే లెలూ దీవి మీద పెద్ద గ్యాస్ కంపెనీ ఒకటి రావాలనుకుంది. 2015లో లాక్స్ క్వలామ్స్ అనే సింషియన్ ఊరివాళ్ళకు 40 ఏళ్ళలో 100 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. ఊరు సభలు పెట్టి వద్దనేసింది, సాల్మన్ పోతుందని. పక్క సింషియన్ ఊళ్ళు కొన్ని ఒప్పుకున్నాయి కూడా. అంటే గిరిజనులంతా ఒకే మాట మీద ఉంటారనుకోకూడదు. చివరికి 2017లో మార్కెట్టు బాగాలేదని కంపెనీయే మానుకుంది.

హూనావాళ్ళు చేసిన పని

ఇంకా ఉత్తరాన అమెరికా దేశపు అలాస్కాలో హూనా అని ట్లింగిట్ గిరిజనుల ఊరు ఉంది. ఇది సముద్రపు ఒడ్డు. అక్కడ 1912లో కట్టిన క్యానరీ మూతపడింది. 1971లో అలాస్కా గిరిజనుల భూమి హక్కుల చట్టం వచ్చినప్పుడు ప్రతి ప్రాంతంలో గిరిజనులే వాటాదారులుగా కంపెనీలు ఏర్పడ్డాయి. హూనావాళ్ళ కంపెనీ ఆ పాత క్యానరీని కొని, 2004లో యాత్రికులకు తెరిచింది. లోపల పాత యంత్రాలు పెట్టి పని ఎలా జరిగేదో చూపిస్తారు. ఆ ఊరివాళ్ళకు అక్కడ పనులు దొరికాయి. లాభం గిరిజన వాటాదారులకు పోతుంది.

మరి అంతా బాగానే ఉందా? అక్కడికి వచ్చేవి వేలమంది పట్టే ఓడలు. ఊరి జనం వెయ్యిలోపు. ఒక్క ఓడ దిగితే ఊరికంటే యాత్రికులే ఎక్కువ! యజమాని మనవాడైనా సరే, ఎంతమంది రావాలో హద్దు పెట్టుకోకపోతే ఇబ్బందే.

నేను అనుకునేది

పాత ఫ్యాక్టరీని కూల్చకుండా వాడుకోవడం మంచిదే. అయితే తడకల సంగతి గుర్తుంచుకోమన్నాను గదా. అప్పుడు 'చేపల్ని కాపాడాలి' అని చెప్పి గిరిజనుల తడకలు తీసేశారు. రేపు 'ప్రకృతిని కాపాడాలి' అని చెప్పి గిరిజనుల పడవల్నే ఒడ్డుకు రానివ్వకపోతే? అప్పుడది ఎకో టూరిజం అవదు, పాత అన్యాయానికి కొత్త రంగు వేసినట్టే.

అందుకని ఎక్కడైనా ఇలాంటివి పెడుతున్నారని వింటే ఈ ప్రశ్నలు అడగాలి:

1. భూమి ఎవరి పేరు మీద ఉంది? (మన షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని 1/70 చట్టం ఉంది. 1997లో సుప్రీంకోర్టు సమతా కేసు తీర్పు కూడా దీన్ని బలపరిచింది.)
2. ఊరివాళ్ళకు ఊడ్చే పనులేనా, లెక్కలు రాసే పని, నడిపించే పని కూడా ఇస్తారా?
3. చేపలు పట్టుకునే హక్కు, రేవుకు దారి అలాగే ఉంటాయా?
4. చెత్త, మురికినీళ్ళు ఎక్కడికి పోతాయి?
5. వచ్చినవాళ్ళకు ఎవరి కథ చెబుతారు? మేనేజరు బంగళా గురించేనా, డబ్బాలు నింపిన తల్లుల గురించి కూడానా?

అయిదో ప్రశ్న చిన్నదని అనుకోకండి. నార్త్ పసిఫిక్ మ్యూజియంలో పాత యంత్రాలు ఇంకా నిలబడి ఉన్నాయి. యంత్రం తన కథ తాను చెప్పలేదు. కాబట్టి కథ చెప్పే ఉద్యోగం కూడా అక్కడ పనిచేసినవాళ్ళ మనవలకు దక్కాలి. అందుకు చదువు కావాలి, తాతల మాటలూ గుర్తుండాలి. మనం హాస్టల్లో చదువుకుంటున్నాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన ఏరు గురించి, అందులో ఏ చేప ఏ నెలలో వస్తుందో, తడక ఎలా కడతారో పెద్దవాళ్ళను అడిగి ఒక నోటుబుక్కులో రాసుకు రండి. వచ్చే నెల ఈ గోడ మీద మంచివి రాద్దాం. ఇందుకు కాగితాలు, స్కెచ్ పెన్నులు ఇప్పించమని వార్డెను గారిని కోరుతున్నాం.