పైకడుపు నొప్పా? గ్యాస్ అని ఊరుకోకండి!

భీష్మ ఏకాదశి రథోత్సవం. అంతర్వేదిలో ఇంటినిండా చుట్టాలు. అందరికీ వండి వడ్డించి, ఆఖర్న నాలుగు ముద్దలు తిని నడుం వాల్చిన ఇల్లాలికి పైకడుపులో నొప్పి మొదలైందనుకోండి. "గ్యాసేలే" అని ఇంత వాము నమిలి ఊరుకుంటుంది. చదువుకున్న కూతురేమో "హైడ్రోజన్ నీళ్లు తాగమ్మా, లోపలి వాపు తగ్గుతుందట" అంటుంది. ఆ మాటలో నిజమెంత?

క్లోమం వాస్తే...

జీర్ణాశయం వెనక, జానెడుకు కాస్త తక్కువ పొడవున ఉండేది క్లోమం. డాక్టర్లు పాంక్రియాస్ అంటారు. అన్నం అరిగించే రసాలను ఇది తయారుచేస్తుంది. ఆ రసాలు పేగులోకి వెళ్లాక పనిచేయాలి. అలా కాక క్లోమంలోనే పని మొదలెడితే దాన్నే అరిగించేస్తాయి. అదే పాంక్రియాటైటిస్. మగవాళ్లలో ఎక్కువగా తాగుడు వల్ల, ఆడవాళ్లలో ఎక్కువగా పిత్తాశయంలోంచి జారిన రాయి వల్ల వస్తుంది.

హైడ్రోజన్ మందేనా?

వాపున్న చోట కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిలో బాగా చెరుపు చేసేది హైడ్రాక్సిల్ రాడికల్. హైడ్రోజన్ దాన్ని అణచగలదని 2007లో జపాన్‌లోని నిప్పన్ మెడికల్ స్కూల్ పరిశోధకులు ప్రకటించారు. 2010లో చైనాలో క్లోమం వాచిన ఎలుకలకు హైడ్రోజన్ కలిపిన సెలైన్ ఇస్తే దెబ్బ తగ్గింది.

ఆశ కలిగించే విషయమే. కానీ మనుషుల్లో ఈ జబ్బును ఇది నయం చేస్తుందని పెద్ద పరీక్షలేవీ ఇంకా రుజువు చేయలేదు. పైగా మామూలుగా లీటరు నీళ్లలో హైడ్రోజన్ కరిగేది 1.6 మిల్లీగ్రాములే. మూత తీసి ఉంచితే అదీ ఎగిరిపోతుంది. ఆ నీళ్లను నమ్ముకుని విలువైన గంటలు పోగొట్టుకోవడమే అసలు ప్రమాదం.

ఈ గుర్తులు మరవకండి

* పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి
* ఆగని వాంతులు
* ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపిగా ఉండటం
* జ్వరం, ఆయాసం, కళ్లు పచ్చబడటం ఉంటే మరీ తొందరపడాలి

అమైలేజ్, లైపేజ్ రక్తపరీక్షలతో, స్కానింగ్‌తో సంగతి తేలుతుంది. సెలైన్, నొప్పి తగ్గించే మందు, వీలైనంత త్వరగా తేలికైన ఆహారం... ఇదీ ఇప్పటి వైద్యం. చాలామందికి వారం పదిరోజుల్లో తగ్గిపోతుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్రం ముదురుతుంది. కారణం రాళ్లే అయితే, డాక్టరు చెప్పినప్పుడు పిత్తాశయం తీయించుకోవాలి. లేకపోతే జబ్బు మళ్లీ తిరగబెట్టవచ్చు.

అంతర్వేది అంటే గోదారి సముద్రంలో కలిసే చోటు. అక్కణ్ణుంచి రాజోలు వెళ్లాలన్నా, అమలాపురం వెళ్లాలన్నా, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్లాలన్నా సమయం పడుతుంది. అందుకే "తెల్లారాక చూద్దాం" అనకండి. 108కి ఫోన్ చేయండి. చుట్టాలేమనుకుంటారోనని నొప్పి దాచుకోకండి. వడ్డన ఎవరైనా చేస్తారు. మీ నొప్పి సంగతి మాత్రం మీరు చెబితేనే ఇంట్లోవాళ్లకి తెలిసేది!